మా ఆంధ్రా లైను ఓట్లు నేను మార్పించిన వైనం

ఆ రోజుల్లో ప్రజాస్వామ్యం నా భుజాల మీదే నడుస్తోందని నాకు గట్టి నమ్మకం. పందొమ్మిదేళ్ళ వయసులో ఎవరికైనా ఏదో ఒక నమ్మకం ఉంటుంది. కొందరికి ప్రేమ మీద, కొందరికి బ్యాంకు పరీక్షల మీద. నాకు ఓటు మీద ఉండేది. భుజం మీద నిజంగానే ఒక పట్టీ కూడా ఉండేది లెండి. నీలం శాటిన్ గుడ్డ మీద బంగారు రంగు అక్షరాలతో హిందీలో 'యువ మతదాతా దూత్' అని రాసి ఉండేది, అంటే యువ ఓటర్ల రాయబారి అన్నమాట. మా కాలేజీ మొత్తానికి ఇద్దరమే రాయబారులం. రెండోవాడు పట్టీ ఇచ్చిన రోజు ఫోటో దిగి మళ్ళీ కనపడలేదు. తెలివైనవాడు, ఇప్పుడేదో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడని విన్నాను. నేను మాత్రం ఆ పట్టీకి ఇస్త్రీ చేసుకుని, కాలేజీకి వెళ్ళే సాక్చీ ఆటోలో కూడా నలుగురికీ కనపడేలా వేసుకుని కూర్చునేదాన్ని. ఆటోవాడు ఒకసారి పాపం నన్ను చూసి, "మేడమ్, ఏ పార్టీ?" అని హిందీలో అడిగితే దిగేదాకా వాడికి క్లాసు పీకాను. వాడు ఇంకెప్పుడూ నన్ను ఎక్కించుకోలేదు.

మేముండేది జంషెడ్‌పూర్‌లో (రైల్వేవాళ్ళకి టాటానగర్) పర్సుడీహ్ అనే పేటలో, రైలు పట్టాలకి ఇవతల, పద్నాలుగిళ్ళున్న ఒక సందులో. అందరూ రైల్వేవాళ్ళే, అందరూ శ్రీకాకుళం వైపువాళ్ళే. కొందరు రిటైరయినవాళ్ళు, కొందరింకా డ్యూటీ చేస్తున్నవాళ్ళు. బయటివాళ్ళు మా సందుని ఆంధ్రా లైను అనేవారు. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. పక్కింట్లో ఇడ్లీ పిన్ని ఉండేది. (భర్త పోయాక స్టేషను బయట ఇడ్లీ బండి పెట్టి ఇద్దరు కొడుకుల్ని చదివించింది, నోరు మాత్రం ఇడ్లీ అంత మెత్తన కాదు.) ఎదురింట్లో గేటు తాత. ముప్ఫై ఏళ్ళకు పైగా లెవెల్ క్రాసింగు దగ్గర గేటు వేసి, తీసి, రిటైరయిన మనిషి. భార్య పోయింది, ఒక్కతే కూతురు ఖరగ్‌పూర్‌లో కాపురం చేసుకుంటోంది. తాత ఒక్కడే వండుకుని తినేవాడు. మాకు చుట్టం కాదు, కానీ చుట్టాలందరికంటే ఎక్కువగా మా ఇంట్లో కనపడేవాడు.

ఇప్పుడు మా లైను ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. నాకు తప్ప మా లైనులో ఒక్కరికీ జంషెడ్‌పూర్‌లో ఓటు లేదు. నలభై ఏళ్ళ నుంచి ఇక్కడి నీళ్ళు తాగుతున్నారు, ఇక్కడే పిల్లల్ని కన్నారు, పెళ్ళిళ్ళు చేశారు, పోయినవాళ్ళని ఇక్కడి నది ఒడ్డునే కాల్చారు. ఓటు మాత్రం ఊళ్ళో. ఎందుకయ్యా అంటే, 'ఇవాళో రేపో ఎల్లిపోయేవోళ్ళం, మనకిక్కడెందుకు' అనేవారు. ఈ ఇవాళో రేపో అన్నది మా తాతల కాలం నుంచి నడుస్తోంది. రిటైరయ్యాక వెళ్ళిపోతాం, పిల్ల పెళ్ళయ్యాక వెళ్ళిపోతాం, ఈ వర్షాకాలం గడిచాక వెళ్ళిపోతాం. ఎవరూ వెళ్ళింది లేదు. కానీ ఎన్నికలొచ్చాయంటే మాత్రం రైల్వే పాసులు రాయించుకుని, పులిహోర మూటలు కట్టుకుని లైను లైనంతా బండెక్కేది. పలాసలో దిగేవాళ్ళు పలాసలో, శ్రీకాకుళం రోడ్డులో దిగేవాళ్ళు అక్కడ. ఓటేసి, రెండ్రోజులుండి, ఉప్పుచేపలు తీసుకుని వచ్చేసేవారు.

అందరిలోకీ గేటు తాత వెళ్ళడం ఒక వేడుక. ఓటు వయసు వచ్చినప్పటి నుంచి ఒక్క ఎన్నిక తప్పలేదాయన. జ్వరంతో కూడా వెళ్ళాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి సెలవు దొరక్కపోతే, సాహెబు గారి గది ముందు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి సాధించుకున్నాడట. తాను రెండో తరగతి దాకా చదివిన బడిలోనే పోలింగు. లైన్లో నిలబడితే 'టాటానగర్ నుంచి వచ్చినాడు, ముందుకి రానియ్యండి' అని ముందుకి తోసేవారట. అక్కడి కుర్రాడెవడో లిస్టులోంచి ఇంటిపేరుతో సహా తన పేరు గట్టిగా చదువుతాడట. ఆ చదవడం గురించి చెప్పేటప్పుడు తాత కూర్చున్నవాడల్లా లేచి నిలబడేవాడు. ఇక్కడ ఆయన పేరు ఎవరికీ తెలీదు మరి. రైల్వేలో గేట్‌మేన్, బజార్లో ఆంధ్రావాలా, మాకు గేటు తాత. తిరిగొచ్చాక ఎడమ చూపుడువేలి సిరా చుక్కకి సబ్బు తగలకుండా జాగ్రత్త పడేవాడు. గోరు పెరిగి పెరిగి సిరా చివరికి చేరాక, చూసి చూసి కత్తిరించేవాడు.

ఇంత సంగతి తెలిసీ నేను ఏం చేశానో వినండి. మా కాలేజీలో ఓటరు చైతన్యం చూసే లెక్చరరు గారొకావిడ ఉండేది. మాట్లాడితే నినాదమే కాబట్టి ఆవిడని నినాదాల మేడమ్ అనేవాళ్ళం. కాసిడీహ్ వీధుల్లో మా చేత ర్యాలీ చేయించిన రోజున ఆవిడ నా పక్కన నడుస్తూ, "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని అడిగింది. నేను గర్వంగా నాదొక్కటే అన్నాను. (కాలేజీలో పెట్టిన క్యాంపులో నా పేరు ఒక్కటీ ఎక్కింది.) మిగతావి శ్రీకాకుళంలో అని చెప్పేసరికి ఆవిడ మొహం మాడ్చుకుని, "దీపం కింద చీకటి" అంది హిందీలో. ర్యాలీ అయ్యేదాకా నాకు ఇంకో నినాదం వినపడలేదు. అదొక్కటే కాదు, అంతకు నెల క్రితమే ఒక నాయకుడు మా సందు మొగదాకా వచ్చాడు. సందులో మోకాళ్ళ లోతు మురుగునీళ్ళు, కుళాయి లేదు, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా పోవాలి. ఆయన లోపలికి తొంగి చూసి పక్కనున్నవాణ్ణి ఏదో అడిగాడు. వాడు, 'యే లోగోఁకా వోట్ యహాఁ నహీఁ హై సర్' అన్నాడు. వీళ్ళకిక్కడ ఓట్లు లేవని. ఆయన చెప్పుకి బురద అంటకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోనే నిలబడి చూశాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ర్యాలీ అయిన రాత్రే తీర్మానించుకున్నాను, ఆంధ్రా లైను మొత్తాన్నీ ఇక్కడి ఓటర్లని చేసి పారెయ్యాలని. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ఓట్లుంటే కుళాయి వస్తుందన్నాను, కాలవ వస్తుందన్నాను, లేకపోతే మనం ఈ ఊరికి అద్దెకొచ్చిన వాళ్ళతో సమానమన్నాను. తెలుగులో మొదలెట్టి ఆవేశం రాగానే హిందీలోకి వెళ్ళిపోయేదాన్ని. ఇడ్లీ పిన్ని పిండి రుబ్బుతూ అంతా విని, కుళాయి వస్తుందన్న ఒక్క మాటకి ఒప్పుకుంది. మిగతావాళ్ళు పిన్ని ఒప్పుకుందని ఒప్పుకున్నారు. గేటు తాత దగ్గరే నా ఉపన్యాసం పారలేదు. మూడు రోజులు తిరిగాను. మూడోరోజు ఆయన బియ్యం ఏరుతూ, "మరి అక్కడ తీసెత్తారా నా పేరు?" అని అడిగాడు. తీసేస్తారు తాతా, ఒక మనిషికి ఒకటే ఓటు కదా అన్నాను. ఆయన బియ్యంలోంచి రెండు రాళ్ళు ఏరి పక్కన పెట్టాడు. తర్వాత, "నువ్వు సదూకున్నదానివి. కుళాయి వత్తే మీ అమ్మకి నడుం నొప్పి తగ్గుతాది. సంతకం ఏడెట్టాల?" అన్నాడు. ఆయనకి కుళాయి అక్కర్లేదు, రోజుకి రెండు బిందెలతో సరిపోయే మనిషి. మా అమ్మ కోసం పెట్టాడు ఆ సంతకం. నాకది అప్పుడు తట్టలేదు, నా ఉపన్యాసం గొప్పదనుకున్నాను.

ఇక్కడ నా అతి తెలివి ఒకటి ఉంది. రెండుచోట్ల ఓటు ఉండటం నేరమని పట్టీతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో చదివాను. మా లైనువాళ్ళు ఒక్క నిమిషం కూడా నేరస్థులుగా ఉండకూడదని, ముందు ఊళ్ళో పేర్లు తీసెయ్యమనే ఫారాలు నింపించాను. ఎవరి ఊరికి తగ్గట్టు వాళ్ళ మండలాఫీసులకి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. ఆ తర్వాతే ఇక్కడ పేర్లు చేర్చమనే ఫారాలు ఇచ్చాను. మా నాన్న చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఒలే, కొత్త పార్టు సేతికి రాకండా పాతది ఊడదీసి పారేత్తావేటే? ఇంజను ఏటవుద్ది?" అన్నాడు. నేను పట్టీ సర్దుకుని, "నాన్నా, యే షెడ్ నహీఁ హై, సిస్టమ్ హై" అన్నాను. ఇది షెడ్డు కాదట, వ్యవస్థట! షెడ్డులో ఒక్క నట్టు పోయినా ఎవడో ఒకడు జవాబు చెప్పాలి. నా వ్యవస్థలో ఎవడు చెప్పాలో నాకు ఈనాటికీ తెలీదు.

ఫారాలిచ్చాక ఇంటింటికీ వచ్చి విచారించేందుకు ఒక మాస్టారుని పంపిస్తారు. ఆయన పాపం దగ్గర్లో హిందీ బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి, ఈ పని నెత్తిన రుద్దితే చేస్తున్నాడు. ఆయన మా లైనుకి వచ్చిన రోజున నేను లేను. జిల్లా స్థాయిలో ఉత్తమ యువ రాయబారిగా నన్ను ఎన్నుకుని, ఒక పెద్ద హాల్లో స్టేజీ మీదికి పిలిచి కప్పు ఇచ్చారు. అదే సమయానికి ఇక్కడ మాస్టారు ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి మర్యాదగా అడిగిన ప్రశ్న ఒక్కటే: మీరు ఇక్కడ స్థిరంగా ఉంటారా? మా వాళ్ళు నలభై ఏళ్ళ నుంచి ఆ ప్రశ్నకి ఒకే జవాబు చెబుతున్నారు, మాస్టారికీ అదే చెప్పారు. లేదు బాబూ, రిటైరవగానే వెళ్ళిపోతాం. లేదు బాబూ, చిన్నవాడికి ఉద్యోగం రాగానే వెళ్ళిపోతాం. ఇడ్లీ పిన్ని అయితే, 'ఈ మురికిలో ఎవరుంటారు మాస్టారూ, మా ఊరు చూడండి ఎలా ఉంటుందో' అని వర్ణించి రెండు ఇడ్లీలు కూడా పెట్టిందట. మా అమ్మానాన్నా కూడా అంతే. గేటు తాత తన ఊరు, బడి, పోలింగు అంతా చెప్పుకొచ్చాడట. మాస్టారు శ్రద్ధగా విని, టీ తాగి, ప్రతి ఫారం మీదా వాళ్ళు చెప్పినదే నిజాయితీగా రాసుకున్నాడు. వీళ్ళు ఇక్కడ తాత్కాలికంగా ఉంటున్నారు, త్వరలో వెళ్ళిపోతారు అని. సాయంత్రం నేను కప్పుతో దిగితే, 'మాస్టారొచ్చారే, చాలా మంచోడు' అని లైనంతా చెప్పింది. సంబరపడ్డాను.

పోలింగు రోజు రానే వచ్చింది. ఇక్కడ ముందు, అక్కడ మూడు వారాల తర్వాత. పొద్దున్న ఆరింటికే లైను లైనంతా తలంట్లు పోసుకుని తయారయింది. ఇడ్లీ పిన్ని బండి కట్టేసి పట్టుచీర కట్టింది. గేటు తాత రిటైర్మెంటు రోజున వేసుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. పెట్టెలో మడత పడి పడి వీపు మీద నాలుగు గీతలు పడ్డాయి. నేను పట్టీ వేసుకుని ముందు, వెనక ఆంధ్రా లైను. దారిలో చూసినవాళ్ళు ఏదో పెళ్ళివారనుకున్నారు. (ఒకావిడ పెళ్ళికూతురేదని కూడా అడిగింది.) బూత్ ఉన్న బడికి చేరాం, వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చింది, నా పేరు ఉంది, వేశాను, సిరా పెట్టించుకుని బయటికొచ్చి గర్వంగా నిలబడ్డాను. నా వెనక పిన్ని వెళ్ళింది. లేదన్నారు. అమ్మ వెళ్ళింది, లేదన్నారు. నాన్న, లేదన్నారు. లిస్టు మొదటి నుంచి చివరిదాకా నేను లాక్కుని వెతికాను. నా పేరు తప్ప మా లైను పేరు ఒక్కటీ లేదు. గేటు తాత మాత్రం ఎవరి మాటా వినకుండా వరసలోనే నిలబడ్డాడు, తన వంతు వచ్చేదాకా. ఎండలో గంటకి పైగా నిలబడి, లోపలికి వెళ్ళి, తన పేరు తానే గట్టిగా చెప్పుకున్నాడు. వాళ్ళు వెతికి, తల అడ్డంగా ఊపారు. బయటికొచ్చి చొక్కా పై బొత్తాం ఒకటి విప్పుకున్నాడంతే.

తిట్లన్నీ పిన్ని చూసుకుంది. "కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడినట్టయినాది. ఉన్న ఓట్లు ఊడబీకి, నువ్వు మాత్రం ఏసేసుకున్నావు గదే గుంటా," అని బడి ముందరే దులిపేసింది. నేను వేలు పిడికిట్లో దాచుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే నినాదాల మేడమ్ ఫోను చేసి, సిరా వేలు పైకెత్తి మీ వీధివాళ్ళందరితో కలిసి ఫోటో పంపు, పత్రికకి ఇవ్వాలి అంది. జరిగింది చెప్పాను. అయితే నీ ఒక్కదానిదే పంపించు, నవ్వుతూ ఉండాలి అంది. పంపించాను కూడా. చూశారా, అదీ నా బతుకు! ఆ ఫోటో పడింది, కింద 'వీధిని కదిలించిన యువతి' అని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంటికొచ్చాక సాయంత్రం లైనులో పెద్ద సభ జరిగింది. తేలింది ఏమిటంటే, భయపడక్కర్లేదు, ఊళ్ళో ఓట్లు ఉండే ఉంటాయి. ఈ పిల్ల పంపిన కాయితాలు ఎవడు చూస్తాడు, గవర్నమెంటు ఆఫీసుల్లో ఏళ్ళతరబడి కదలని ఫైళ్ళెన్ని లేవు, ఇవీ ఏ బీరువా కిందో పడి ఉంటాయి అని. మా లైను లైనంతా గవర్నమెంటు బద్ధకం మీద అంత ఆశ పెట్టుకోవడం అదే మొదటిసారి. నేను కూడా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆ ఆఫీసుల్లో ఎవరూ పని చేయకుండా ఉండాలని. పాసులు రాయించారు, పులిహోర కట్టారు, వెళ్ళారు. కానీ జన్మకో శివరాత్రి అన్నట్టు ఆ ఒక్కసారికీ ఆ ఆఫీసులవాళ్ళు బ్రహ్మాండంగా పని చేసి పెట్టారు. పంపిన ప్రతి పేరూ కొట్టేశారు, ఒక్కటి కూడా తప్పిపోలేదు. రెంటికీ చెడ్డ రేవళ్ళయి అందరూ తిరుగుబండి ఎక్కారు. గేటు తాతకి అక్కడి బడి దగ్గర, 'నీ పేరు నువ్వే తీయించుకున్నావంట గదా, నీ సంతకం ఉంది' అని చెప్పారట. ఆయన చదివిన బడిలో ఆయన సంతకమే ఆయనకి చూపించారు. మా నాన్న చెబితే తెలిసింది నాకు. తాత చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలు మా లైనులో నాతో మాట్లాడినవాళ్ళు లేరు. పట్టీ పెట్టె అడుక్కి వెళ్ళింది. మా ఇంటికి వచ్చిపోయిన మనిషి గేటు తాత ఒక్కడే. ఒకరోజు చేతిలో రంగువెలిసిన ఓటరు కార్డు పట్టుకుని వచ్చి, "మల్లీ రాయి," అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఇంకెవరి జోలికీ వెళ్ళను తాతా, నావల్ల కాదు అన్నాను. "ఏడవక. ఏడా పేరు నేకండా ఉండటం బాగోనేదే. సచ్చినోడి లెక్కన ఉంది. రాయి," అన్నాడు. రాశాను. పోయినసారి మాస్టారు ఎందుకు కాదని రాశాడో ఈసారి ఆఫీసుకి వెళ్ళి కనుక్కున్నాను. అప్పటికి గానీ మా వాళ్ళు చెప్పిన జవాబు సంగతి బయటపడలేదు. వచ్చి తాతకి పాఠం మొదలెట్టాను. మాస్టారు అడిగితే ఇక్కడే ఉంటానని చెప్పాలి తాతా, ఊరెళ్ళే మాట ఎత్తకూడదు, ఎప్పటికీ ఇక్కడే అనాలి. రోజూ సాయంత్రం నేను మాస్టారినై గుమ్మంలో నిలబడి అడిగేదాన్ని. తాత 'ఉంటాను' దాకా వచ్చి ఆగిపోయేవాడు, లేకపోతే 'మా పిల్ల రమ్మంటే' అంటూ పక్కదారి పట్టేవాడు. ఇంత చిన్న వాక్యం ఎందుకు రాదో నాకు అర్థమయ్యేది కాదు. వయసు మీద పడింది, మర్చిపోతున్నాడనుకున్నాను. ఒకసారి విసుక్కున్నాను కూడా.

మాస్టారు వచ్చిన రోజు లైనంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది, తాతకి వస్తే తామూ రాద్దామని. మాస్టారు కుర్చీలో కూర్చుని, ఫారం తీసి, అదే ప్రశ్న అదే మర్యాదతో అడిగాడు. నేను తాత వెనక నిలబడ్డాను. తాత మాస్టారి మొహం చూడలేదు, సందు చివర పట్టాల వైపు చూశాడు. మాస్టారు కలం మూత పెట్టబోతుండగా, "యహీఁ రహేంగే," అన్నాడు మెల్లిగా. ఇక్కడే ఉంటాను. మాస్టారు ఊరికి వెళ్ళిపోరా అని ఇంకోసారి అడిగాడు, పాపం పోయినసారి విన్న కథలన్నీ గుర్తున్నట్టున్నాయి. "నహీఁ బాబూ. అబ్ నహీఁ జాయేంగే. యహీఁ మరేంగే," అన్నాడు తాత. ఇంక వెళ్ళను, ఇక్కడే పోతాను అని. నేను నేర్పిన దానికంటే ఎక్కువే చెప్పాడు. నేనేం చేశానో తెలుసా? చప్పట్లు కొట్టాను. రెండు చేతులూ పైకెత్తి, కాలేజీలో కొట్టినట్టు. నాతో ఇంకెవరూ కొట్టలేదు. ఇడ్లీ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా నాన్న తల వంచుకున్నాడు. వీళ్ళకి ఇంకా నా మీద కోపం పోలేదు, కుళ్ళు అనుకున్నాను.

తర్వాత ఒక్కొక్కళ్ళే రాయించుకున్నారు, ఒక్కొక్కళ్ళే మాస్టారి ముందు ఆ మాట చెప్పారు, అందరూ తాత చెప్పినంత మెల్లిగానే. చలికాలంలో అసెంబ్లీ ఎన్నికలకి మా లైనువి మొత్తం ముప్ఫై తొమ్మిది ఓట్లు లిస్టులోకి ఎక్కాయి. ఆ ఎన్నికల్లో తాత స్వెట్టరు మీద ఆ తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి ఓటేశాడు. లిస్టు చదివినవాడు తాత పేరుని సగం మింగేసి, ఇంటిపేరు పలకలేక వదిలేశాడు. అదే నాయకుడు మళ్ళీ సందు మొగకి వచ్చాడు. ఈసారి ఓట్లున్నాయని చెప్పారు. ఎన్ని అన్నాడు. ముప్ఫై తొమ్మిది అనగానే, ఆయన బురద కేసి ఒకసారి చూసి, నవ్వి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. పెట్టుకున్న అర్జీల మీద అర్జీలతో కుళాయి ఆరేళ్ళకి వచ్చింది, సందు మొగ దాకా. అప్పటికి మా అమ్మ నడుం పూర్తిగా వంగింది.

నేనిప్పుడు భాలుబాసాలో ఒక బడిలో టీచర్ని. ఓటరు చైతన్యం చూసేది నేనే, ఖర్మ. ఏటా జనవరిలో ఎవరో ఒక పిల్ల భుజానికి పట్టీ నేనే కడతాను, ప్రమాణం చేయిస్తాను, పిల్లలు గొంతులు చించుకుని అరుస్తారు. ఓటు ఎందుకు మేడమ్, ఎవరొచ్చినా అంతే కదా అని వెనక బెంచీవాడు తప్పకుండా అడుగుతాడు. నేను ఉపన్యాసాలు మానేశాను. వెయ్యకపోతే అంతకంటే అధ్వాన్నం, నోరు మూసుకుని వెయ్యి అంటాను. అది నినాదంగా పనికిరాదని హెడ్‌మాస్టరు గారికి నా మీద అసంతృప్తి.

గేటు తాత పోయి ఐదేళ్ళయింది. ఓటు మారాక ఆయన బతికిన ఏళ్ళల్లో ఒక్కసారి కూడా ఊరెళ్ళలేదు. పాసులు వచ్చేవి, గడువు తీరిపోయేవి. నేను బీయెడ్ చదివే రోజుల్లో ఒకసారి, అమ్మవారి పండగకి అందరూ వెళ్తున్నారు, నువ్వు వెళ్ళవేం తాతా అని అడిగాను. ఆయన చెప్పులు తుడుచుకుంటూ, మామూలుగా, ఏ కోపం లేకుండా, "ఓటు కూడా నేదు గదమ్మా అక్కడ. ఏటని సెప్పి ఎల్తాం?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు నేను దేనికి చప్పట్లు కొట్టానో. ఇప్పటికీ సభల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు చేతులు ఆలస్యంగా లేస్తాయి. పక్కవాళ్ళు నన్ను పొగరుబోతు అనుకుంటారు. అనుకోనీ. ఆ పట్టీ పిల్ల ఒక్కతే గుమ్మాల మధ్య నిలబడి అరచేతులు ఎర్రబడేలా కొట్టడం కళ్ళముందు కనపడి, నాలో నేను నవ్వుకుంటాను. దాన్ని తిట్టాలని ఉంటుంది గానీ, ఎంత సంతోషంగా కొట్టిందో తల్లి, తిట్టబుద్ధి కాదు.